డయాలసిస్ నర్సుకు అమెరికాలో ఏ స్పెషాలిటీ మేలు?

ప్రశ్న: కవిటి మండలం, ప్రస్తుతం హ్యూస్టన్

పెద్దలందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ చదివి, ఐదేళ్లు డయాలసిస్ యూనిట్‌లో పనిచేశాను. మావారి ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చి, ఇక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసై, ఏడాదిగా ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. నర్స్ ప్రాక్టీషనర్ (రోగులను పరీక్షించి మందులు రాసే నర్సు) కావడానికి ఎమ్మెస్సెన్‌లో, అంటే నర్సింగ్ మాస్టర్స్‌లో చేరాలనుకుంటున్నాను. మా పెదనాన్న ఉద్దానం కిడ్నీ జబ్బుతోనే పోయారు కాబట్టి ఆ రోగులకే పనిచేయాలని నా కోరిక. అయితే ఏ కళాశాల జాబితాలోనూ కిడ్నీ స్పెషాలిటీ కనబడటం లేదు. నేను దేనిలో చేరాలి?

జవాబు: నరసన్నపేట, ప్రస్తుతం డల్లాస్

చెల్లెమ్మా, నువ్వు సరిగ్గానే వెతికావు. ఇక్కడ నర్స్ ప్రాక్టీషనర్ లైసెన్సును అవయవాన్ని బట్టి ఇవ్వరు, ఎలాంటి రోగులను చూస్తామన్నదాన్ని బట్టి ఇస్తారు. 2008లో నర్సింగ్ బోర్డులూ సంఘాలూ కలిసి ఒప్పుకున్న పద్ధతిలో ఆరు వర్గాలున్నాయి: కుటుంబం, పెద్దలు-వృద్ధులు, పిల్లలు, నవజాత శిశువులు, స్త్రీల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం. పెద్దలకూ పిల్లలకూ మళ్ళీ ప్రైమరీ కేర్ (క్లినిక్‌లో చేసే మామూలు వైద్యం) వేరు, అక్యూట్ కేర్ (ఆసుపత్రిలో తీవ్రంగా జబ్బుపడినవారికి చేసే వైద్యం) వేరు. కిడ్నీ అన్నది చదువు ముగిశాక ఉద్యోగంలో అలవడే ప్రత్యేకత. నెఫ్రాలజీలో, అంటే కిడ్నీ వైద్యంలో పనిచేసే నర్స్ ప్రాక్టీషనర్లకు ఆ తరువాత విడిగా ఒక సర్టిఫికేషన్ పరీక్ష కూడా ఉంది.

నన్నడిగితే ఫ్యామిలీ తీసుకో. పసిబిడ్డ నుంచి పండు ముసలి దాకా అందరినీ చూడవచ్చు. మావారి ప్రాజెక్టుల కోసం మూడు రాష్ట్రాలు మారినా నాకు ఎక్కడా ఉద్యోగం దొరకకపోవడమన్నది లేదు. చదువులో భాగంగా రోగుల దగ్గర చేసే శిక్షణ, అంటే క్లినికల్ గంటలు 500 పూర్తిచేస్తే సరిపోతుంది.

జవాబు: బొబ్బిలి, ప్రస్తుతం ఫీనిక్స్

డల్లాస్ అక్క అనుభవం మీద నాకు గౌరవముంది, కానీ ఈ సలహాతో ఏకీభవించలేను. ఫ్యామిలీ తీసుకున్నవారికి అన్ని వయసుల రోగులనూ చూసిన అనుభవం ఉండాలి కాబట్టి, పిల్లల దగ్గర ఒకరు, స్త్రీల దగ్గర ఒకరు, పెద్దల దగ్గర ఒకరు చొప్పున ప్రిసెప్టర్లు (తమ క్లినిక్‌లో దగ్గరుండి పని నేర్పేవారు) కావాలి. చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో ఆ ప్రిసెప్టర్లను వెతుక్కునే భారం విద్యార్థిదే.

నేను చేరినప్పుడు మా కళాశాల కార్యాలయంవారు ఫోనులో "మేము సహాయం చేస్తాము" అన్నారు, నేను ఆ మాటను నమ్మి ఫీజు కట్టాను. పెద్దల గంటలు ఇబ్బంది లేకుండా గడిచాయి. పిల్లల గంటల దగ్గరకు వచ్చేసరికి, వారు నాకు పంపిన సహాయమల్లా పాత చిరునామాలున్న ఒక పట్టిక మాత్రమే. డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా, రోజూ క్లినిక్‌లకు ఫోన్లు చేసేదాన్ని. కొందరు స్థానిక విశ్వవిద్యాలయం విద్యార్థులను మాత్రమే తీసుకుంటామన్నారు, ఒకరు నేరుగా డబ్బు అడిగారు. చివరికి ఒక పిల్లల వైద్యురాలు దయతో ఒప్పుకున్నారు. అయితే ఆ క్లినిక్‌తో చేసుకోవలసిన ఒప్పంద పత్రం మీద మా కళాశాలవారు సంతకం పెట్టేసరికి సెమిస్టరే మొదలైపోయింది. ఆ సెమిస్టరు పోయింది, కట్టిన ఫీజు తిరిగి రాలేదు. అమ్మతో ఆ విషయం చెప్పలేక, ఆ ఏడాది పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వస్తానని ఇచ్చిన మాటను కూడా వాయిదా వేశాను.

కాబట్టి చెల్లీ, ఏ స్పెషాలిటీ అని అడిగేముందు, ప్రిసెప్టర్‌ను ఎవరు చూస్తారో రాతపూర్వకంగా అడుగు. మీ రాష్ట్రంలో ఉండేవారిని చేర్చుకునే అనుమతి ఆ కోర్సుకు ఉందో లేదో కూడా తెలుసుకో.

జవాబు: డల్లాస్

అది కళాశాల తప్పు తప్ప ఫ్యామిలీ స్పెషాలిటీ తప్పు కాదమ్మా. నాకు పిల్లల ప్రిసెప్టర్‌ను మా కళాశాలే చూపించింది.

జవాబు: చీపురుపల్లి, ప్రస్తుతం అల్బుకర్కీ

నేను నెఫ్రాలజిస్టుల బృందంలో నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఆ పని గురించి చెబుతాను. ముందుగా ఒక సవరణ: 500 గంటలన్నది పాత లెక్క, నర్స్ ప్రాక్టీషనర్ చదువుకు 2022లో వచ్చిన ప్రమాణాల్లో దానిని కనీసం 750కి పెంచారు.

సగం రోజులు డయాలసిస్ సెంటర్లలో తిరుగుతాను. అక్కడి రోగులు వారానికి మూడుసార్లు వస్తారు, నెలల తరబడి వారినే చూస్తాము కాబట్టి ఇంట్లో మనుషుల్లా అయిపోతారు. బరువు ఎంత పెరిగింది, ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో కలిపిన రక్తనాళం) ఎలా ఉంది, పొటాషియం ఎంత అన్నవి చూసి మందులు మారుస్తాము. ఈ భాగానికి ఫ్యామిలీ చదివినవారైనా సరిపోతారు. మిగతా సగం ఆసుపత్రిలో, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిని ఐసీయూలో చేరినవారి దగ్గర గడుస్తుంది. ఆ భాగానికి ఫ్యామిలీ శిక్షణ చాలదు, అక్యూట్ కేర్ సర్టిఫికేషన్ లేనివారిని ఎన్నో ఆసుపత్రులు తీసుకోవు. మా బృందంలో ఒకామె ఫ్యామిలీ చేసి, మళ్ళీ రెండోసారి చదువుకు వెళ్ళవలసి వచ్చింది. కాబట్టి నీకు తగినది పెద్దలు-వృద్ధుల అక్యూట్ కేర్ అని నా అభిప్రాయం, కాకపోతే చేరేముందు ఐసీయూలో కొంతకాలం పనిచేయి.

ఇంకొకటి, టెక్సస్‌లో డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం లేనిదే మందులు రాయలేము. మా న్యూ మెక్సికోలో ఆ నిబంధన లేదు. డల్లాస్ అక్కకు అది ఇబ్బంది అనిపించకపోయినా, ఎప్పటికైనా సొంతంగా క్లినిక్ పెట్టాలనుకునేవారికి అది పెద్ద తేడా.

జవాబు: డల్లాస్

క్లినిక్ పెట్టాలని ఆ పిల్ల అడగలేదు కదా తమ్ముడూ. ఐసీయూ మాట మాత్రం నిజమే, అది నేను ఆలోచించలేదు.

జవాబు: హ్యూస్టన్

అందరికీ కృతజ్ఞతలు. శ్రీకాకుళంలో నేను సూది గుచ్చిన రోగులను ఒక్కొక్కరినీ తలచుకుని చూశాను. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే నడివయసు వారే ఎక్కువ, వారిలో పసిపిల్లలు ఒక్కరు కూడా లేరు. కాబట్టి పెద్దల వర్గమే తీసుకుంటాను. ఐసీయూకు బదిలీ కోసం మా మేనేజరుకు ఈరోజే రాశాను. రెండు కళాశాలలకు ప్రిసెప్టర్ గురించి ఉత్తరాలు పంపాను. ఎవరు చూపిస్తారో వారు రాసి ఇచ్చాకే దరఖాస్తు రుసుము కడతాను.