గెజిట్‌లో 0-07-20, చేలో కొలిస్తే 18 సెంట్లు. ఏది నిజం?

కొబ్బరిచెట్టు:
పొద్దున్న పదకొండు నుంచి ఈ కాగితంతోనే కుస్తీ పడుతున్నానండి, తల తిరిగిపోతోంది. మాకు మామిడికుదురు వైపు 62 సెంట్ల చేను ఉంది. గ్యాస్ పైపు మారుస్తున్నామని నోటీసు వచ్చింది. అందులో మా సర్వే నంబరు ఎదురుగా 0-07-20 అని ఉంది. అంటే ఏడు సెంట్ల చిల్లర. సర్వేవాళ్లు పాతిన జెండాల మధ్య కొలిస్తే పద్దెనిమిది సెంట్ల దాకా వస్తోంది. టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను, మా బావమరిది చేత కూడా కొలిపించాను. కాగితం మీద ఏడు చూపించి చేలో పద్దెనిమిది లాక్కుంటారా? కడియం నుంచి తెచ్చిన నలభై కొబ్బరి మొక్కలు పాకలో వాడిపోతున్నాయి. నాటొచ్చా, కూడదా? తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

సర్వేరాయి:
అవి సెంట్లు కావు. కాగితం ఫోటో పెట్టండి.

గోదారిగట్టు:
ఏడైనా పద్దెనిమిదైనా పోయేది మన భూమే కదండీ. కాకినాడ పక్కన తీసిన గ్యాస్‌ను 2009 నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా 1,400 కిలోమీటర్లు మోసుకుపోతున్నారు. మన చేల కింద పైపు, మన వంటింట్లో సిలిండరు. ముందు దీని గురించి అడగండి.

సర్వేరాయి:
ఆయన అడిగింది అది కాదు.

పాతవెల్డరు:
గోదారిగట్టు గారూ, చేల కింద పోయే లైన్లో ఒత్తిడి పదుల బార్లు ఉంటుంది. మీ స్టవ్‌కి కావాల్సింది 21 మిల్లీబార్లు. మధ్యలో సిటీ గేట్ స్టేషన్ కట్టాలి, ఒత్తిడి తగ్గించాలి, వాసన కోసం మెర్కాప్టాన్ కలపాలి, అక్కడి నుంచి పసుపు ప్లాస్టిక్ పైపులు వీధుల్లో వేయాలి. పెద్ద లైనుకు కుళాయి బిగించేసి పట్టుకోవడం కుదరదు.

ఇక తమ్ముడూ, ఈ లైన్లు ఎందుకు మారుస్తున్నారో కూడా తెలుసుకో. నేను ముప్పై ఏళ్లు ఈ పైపుల మీదే బతికాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో ఏం జరిగిందో మీ పక్క ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తాటిపాక నుంచి కొండపల్లి వెళ్లే 18 అంగుళాల గ్యాస్ లైను పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పంపారు. గ్యాస్‌తో పాటు నీరు, కార్బన్ డయాక్సైడు కలిసి వెళితే అది ఆమ్లంలా పనిచేస్తుంది. పైపు పల్లంలో ఉన్నచోట ఆ నీరు నిలుస్తుంది, లోపలి నుంచి తినేస్తుంది. పైన ఎంత మంచి పూత పూసినా, కాథోడిక్ ప్రొటెక్షన్ (బయటి తుప్పు ఆపడానికి పైపుకు ఇచ్చే సన్న కరెంటు) పెట్టినా లోపలి తుప్పుకు అవి అడ్డం రావు. గ్యాస్‌ని ముందే ఆరబెట్టాలి. లోపల పిగ్ (పైపులో దూరి వెళ్లే పరికరం) తిప్పి గోడ ఎంత పలచబడిందో చూసుకోవాలి. పాత లైన్లలో కొన్నిటికి పిగ్ పంపే ఏర్పాటే ఉండేది కాదు.

ఇంకోటి. లైను వేసిన రోజున చుట్టూ చేలే. ఇప్పుడు ఇళ్లొచ్చేశాయి. పైపుకు రెండు వైపులా సుమారు 200 మీటర్ల లోపు ఎన్ని ఇళ్లున్నాయో లెక్కగట్టి ఆ చోటుకు ఒకటి నుంచి నాలుగు దాకా క్లాసు ఇస్తారు. ఒకటో క్లాసులో పైపు ఉక్కు బలంలో 72 శాతం దాకా వాడుకోవచ్చు, నాలుగో క్లాసులో 40 శాతమే. ఇళ్లు పెరిగితే మందం పైపు వేయాలి, లేదంటే ఒత్తిడి తగ్గించాలి. కోనసీమలో ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ ఎక్కడుంది చెప్పు?

కొబ్బరిచెట్టు:
పెద్దాయనా, చాలా విషయాలు చెప్పారు, సంతోషం. నా ఏడు సెంట్ల సంగతి మాత్రం తేలలేదు. ఫోటో పెట్టాను చూడండి.

సర్వేరాయి:
పైన గడులు చూడండి. హెక్టారు, ఆరు, చదరపు మీటరు. 0 హెక్టార్లు, 7 ఆర్లు, 20 చదరపు మీటర్లు. ఒక ఆరు అంటే 100 చదరపు మీటర్లు. మొత్తం 720. సెంటు 40.47 చదరపు మీటర్లు. భాగించండి. 17.8 సెంట్లు. మీ బావమరిది టేపు కరెక్టే.

కొబ్బరిచెట్టు:
అయ్యబాబోయ్. ఆరు అంటే అంకె అనుకున్నాను. ఆరు కింద ఏడు ఎందుకేశారా అని ఒక గంట బుర్ర బద్దలుకొట్టుకున్నా.

లాపాయింటు:
ముందుగా, ఇది భూసేకరణ కాదు, దయచేసి ఎవరూ ఆ మాట వాడకండి. 1962 నాటి పైప్‌లైన్ల చట్టం కింద తీసుకునేది వినియోగ హక్కు మాత్రమే. పట్టా మీ పేరునే ఉంటుంది. నష్టం ఎంత జరిగితే అంతా ఇవ్వాలి, దానిపైన పైపు కోసం తీసుకునే ఆ నేల పట్టీ మార్కెట్ విలువలో పది శాతం ఇవ్వాలి. సెంటు లక్ష అనుకుంటే 17.8 సెంట్లకు లక్షా డెబ్బై ఎనిమిది వేలు. కొట్టేసే కాపు చెట్ల లెక్క వేరు. ఒప్పుకోకపోతే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు.

గోదారిగట్టు:
చెట్టు నాటనివ్వరు, బావి తవ్వనివ్వరు, ఇల్లు కట్టనివ్వరు. పేరు మాత్రం మనదట. దాన్ని సేకరణ అనక ఏమంటారు?

లాపాయింటు:
వినియోగ హక్కు అంటారు. ఇప్పుడే చెప్పాను.

సర్వేరాయి:
నోటీసు చట్టంలో 3(1) సెక్షన్‌దా, 6(1) దా? మొదటిది హక్కు తీసుకుంటామని చెప్పడం, రెండోది ఖరారు చేయడం.

కొబ్బరిచెట్టు:
3(1) అని ఉందండి. రెండు వారాలు దాటింది అనుకుంటా. మా నాన్నగారు పెళ్లిపత్రికల కట్టలో పెట్టేశారు, నిన్ననే దొరికింది.

లాపాయింటు:
గెజిట్ ప్రతులు జనానికి అందుబాటులో పెట్టిన రోజు నుంచి 21 రోజుల్లో కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ పని చూసే అధికారికి, రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మీ చేతికి వచ్చిన రోజు నుంచి కాదు. రేపే ఇవ్వండి, రసీదు తీసుకోండి. చెట్లు నాటకూడదన్న నిషేధం చట్టం ప్రకారం 6(1) ప్రకటన తర్వాతే మొదలవుతుంది. అంటే ఇవాళ నాటడం నేరం కాదు.

సర్వేరాయి:
నాటి, రేపు పీకేయించుకోవడానికా? నోటీసు తర్వాత పెట్టిన మొక్కకు పరిహారం మీద ఆశ పెట్టుకోవద్దు.

పాతవెల్డరు:
ఒక్క మాట. నువ్వు "పైపు మారుస్తున్నారు" అన్నావు. అంటే పాత లైను ఎక్కడుంది? సాధారణంగా పాతదాని పక్కనే కొత్తది వేస్తారు, ఎందుకంటే అది పూర్తయ్యేదాకా గ్యాస్ ఆపలేరు. తర్వాత గ్యాస్‌ను కొత్తదానికి మళ్లించి, పాతదాన్ని నైట్రోజన్‌తో కడిగి వదిలేస్తారు.

కొబ్బరిచెట్టు:
పాత లైనూ మా చేలోనే ఉందండి, ఆ జెండాల మధ్యే. అది ఊరందరికీ తెలిసిందే కదా అని రాయలేదు. మూడడుగుల గోతులు పదిహేను తీయించేశాం. మిగతావి రేపు జేసీబీతో.

సర్వేరాయి:
ఆపండి.

పాతవెల్డరు:
తమ్ముడూ, ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది! చట్టం ప్రకారం పైపు మీటరు కంటే తక్కువ లోతులో ఉండకూడదు. నీ గొయ్యి మూడడుగులు, అంటే దాదాపు మీటరే. ఇన్నేళ్లలో దుక్కులకు, వరదలకు పైన మట్టి ఎంత పోయిందో ఎవరు చూశారు? జేసీబీ పన్ను తగిలి పూతకు చిన్న గీత పడినా ఏళ్ల తర్వాత అక్కడే తుప్పు పడుతుంది. ఆ లైన్లో గ్యాస్‌కు వంటింటి గ్యాస్‌లాంటి వాసన వస్తుందని కూడా అనుకోకు. చేలో గుర్తు స్తంభం ఉంటుంది, దాని మీద ఫోన్ నంబరు ఉంటుంది. ఇప్పుడే చెయ్యి.

కొబ్బరిచెట్టు:
ఆ పసుపు స్తంభమా? దానికి మేం గేదెను కడతామండి. ఆగండి, చూసొస్తాను.

లాపాయింటు:
పాత లైనుకు 6(1) ఎప్పుడో అయ్యే ఉంటుంది. అయితే ఆ పట్టీలో నిషేధం ఎప్పటినుంచో అమల్లో ఉన్నట్టే. నా పై సమాధానం కొత్త లైను పట్టీకే వర్తిస్తుంది.

సర్వేరాయి:
చేలో ఉన్నది అదే పట్టీ.

గోదారిగట్టు:
కొబ్బరి వద్దంటే అరటి వేసుకోవచ్చు కదా? వరి, కూరగాయలు, పసుపు వేస్తూనే ఉన్నారు మా వైపు.

లాపాయింటు:
చట్టంలో చెట్టు అనే ఉంది. అరటి కూడా చెట్టే.

గోదారిగట్టు:
అరటి చెట్టెలా అవుతుందండీ? దానికి కలప ఎక్కడిది? మాను కాదది, బోదె. వృక్షశాస్త్రం ప్రకారం అది గుల్మం.

లాపాయింటు:
మీరు మీ ఇంట్లో అరటి చెట్టు అంటారా, అరటి గుల్మం అంటారా?

పాతవెల్డరు:
వేరు సంగతి చూడాలి కానీ పేరుతో పనేముంది? అరటి వేర్లు ఎక్కువగా పై మట్టిలోనే ఉంటాయి. అయినా లైన్ మీద నడిచి చూసే కుర్రాళ్లకు దారి కనపడాలి, వాళ్లు ఒప్పుకోరు.

గోదారిగట్టు:
మా ఊళ్లో ఒప్పుకున్నారు.

లాపాయింటు:
ఒప్పుకోవడం వేరు, చూసీచూడనట్టు వదిలేయడం వేరు.

కొబ్బరిచెట్టు:
ఫోన్ చేశానండి, రేపు పొద్దున్న మనిషిని పంపుతామన్నారు. జేసీబీ వద్దని చెప్పేశా. మొక్కలు చేను అటుపక్కకు మారిస్తే ఇరవై ఎనిమిది పడతాయి, మిగతా పన్నెండు మా బావమరిదికి. థాంక్సండి. అరటి సంగతి తేలితే ఇక్కడే రాయండి.