మనుమలను పెంచుతున్న నేను నన్ను క్షమించుకోవడం ఎలా?

రాజోలు అమ్మమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటిపనికి కువైట్ వెళ్లి ఏడాదిన్నర అయింది. నాలుగేళ్ల మనుమడినీ, రెండేళ్ల మనుమరాలినీ నేనే చూసుకుంటున్నాను. మొన్న కొబ్బరి దింపు జరుగుతుండగా కాయల లెక్క చూసుకుంటున్నాను. అంతలో పిల్లవాడు కాలువ రేవులో నీళ్లు తగిలే మెట్టు దాకా దిగిపోయాడు. పరుగెత్తి రెక్క పట్టుకుని పైకి లాగి, వీపు మీద గట్టిగా రెండు దెబ్బలు వేశాను. ఆ రాత్రి వాడు నా కొంగు పిడికిట్లో పట్టుకునే నిద్రపోయాడు. నాకు మాత్రం తెల్లవార్లూ కునుకు పట్టలేదు. కన్నతల్లి నమ్మి అప్పగించి వెళ్తే ఇలాగేనా చూసుకునేది అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. మంచే ఆలోచించాలని అందరూ అంటారు గాని, అది ఎలాగో ఎవరూ చెప్పరు.

అంగన్‌వాడీ టీచరు, ముమ్మిడివరం వైపు:
పిన్నిగారూ, మీ చేత ఆ దెబ్బ వేయించినది ప్రాణభయం. అయినా దెబ్బ దెబ్బే కనుక, ఎందుకు కొట్టారో పిల్లవాడికి చెప్పి, కొట్టినది తప్పని కూడా ఒప్పుకోండి. నాలుగేళ్ల పిల్లలకు అది బాగానే అర్థమవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో ప్రచురించిన వ్యాసాలలో, తనపట్ల తాను దయగా ఉండడంలో మూడు అంశాలున్నాయని వివరించారు: తనను తిట్టుకోకుండా ఆదరించుకోవడం, ఇటువంటి పొరపాటు మనుషులందరికీ జరిగేదేనని గుర్తించడం, బాధను దాచకుండా, పెంచకుండా ఉన్నంత మేరకే చూడడం. మీ పక్కింటావిడే ఇలా ఏడుస్తూ వస్తే మీరు ఏ మాటలతో ఓదారుస్తారో, ఆ మాటలే ఈ రాత్రి మీకు మీరు చెప్పుకోండి. మొదట కృతకంగా అనిపించినా మానకండి.

పాలకొల్లు కోడలు:
టీచరుగారి మాట నిజమే గాని, ఒంట్లో ఓపిక లేనప్పుడు మంచి ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందండీ? నా రెండో కాన్పు తరువాత అందరూ సంతోషంగా ఉండమనేవారు. ఉండలేకపోయినందుకు అదొక తప్పుగా తోచి మరింత కుమిలిపోయాను. మధ్యాహ్నం ఒక గంట మా తోడికోడలు పిల్లలను తీసుకువెళ్లడం మొదలుపెట్టిన తరువాతే నేను తేరుకున్నాను. ముందుగా రేవుకు అడ్డంగా తడిక కట్టించండి. దింపు రోజున పిల్లలను కనిపెట్టుకుని ఉండమని ఎవరినైనా నోరు తెరిచి అడగండి. అడగడం చేతకానితనం కాదు.

టీచరు:
ఒక మాట మరిచాను. నిద్ర లేకపోవడం, ఏడుపు రావడం రెండు వారాలు దాటితే ఆలస్యం చేయకుండా మనసు బాగోనివారికి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

రాజోలు అమ్మమ్మ:
నిన్న సాయంత్రం వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మునిగిపోతావని భయమేసి కొట్టాను నాన్నా, కొట్టకూడదు, తప్పు నాదే" అన్నాను. వాడు కాసేపు నా గాజులు తిప్పుతూ ఊరుకుని, "మెట్టు మీద పీత ఉంది అమ్మమ్మా, నీకు చూపిద్దామనుకున్నాను" అన్నాడు. ఇద్దరం చెయ్యి పట్టుకుని వెళ్లి చాలాసేపు వెదికాము గాని, అది కనబడలేదు. తడిక కట్టే మనిషి రేపు వస్తానన్నాడు.