పక్కింటివారి నక్షత్ర తాబేలును అటవీ శాఖకు ఎలా అప్పగించాలి?

విజయవాడలో మా పక్కింటివారు, ఇంటికి కలిసొస్తుందని ఎవరో చెబితే, ఒక నక్షత్ర తాబేలును కొనితెచ్చి ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు నింపి పెంచుతున్నారు. అది మెట్టనేలల్లో గడ్డి మేసే జీవి. ఇప్పుడు దాని డిప్ప అంచులు మెత్తబడ్డాయి, కళ్లు ఉబ్బి సగం మూసుకుపోయాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ ప్రాణిని ఇంట్లో ఉంచుకోవడం నేరమని వారికి తెలియదు. మన పొదల్లో పట్టిన తాబేళ్లను చెన్నై మీదుగా థాయ్‌లాండ్ దాకా సామాన్ల సంచుల్లో కుక్కి తరలిస్తున్నారు. ఈ జాతి అంతరించే ముప్పులో పడుతున్నందునే 2019లో సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సభ్యదేశాలు దీన్ని అత్యంత కఠిన ఆంక్షలుండే మొదటి అనుబంధంలోకి మార్చాయి. అందుకే ఒక్క తాబేలే కదా అని ఊరుకోలేకపోతున్నాను.

వారు అప్పగించడానికి సిద్ధమే కానీ కేసు పెడతారేమోనని భయపడుతున్నారు. కొండపల్లి అడవిలో వదిలేద్దామంటే, దీని జబ్బు అక్కడి ప్రాణులకు సోకుతుందని నేనే వారించాను. స్వచ్ఛందంగా అప్పగించేవారితో అధికారులు ఎలా వ్యవహరిస్తారు? ముందుగా రేంజ్ అధికారికి లేఖ రాయాలా, నేరుగా తీసుకువెళ్లాలా? రశీదు ఇస్తారా? ఈలోగా దానికి ఏ మేత పెట్టాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.