లారీ గుద్దితే కేసు డ్రైవర్ మీదేనా? బండి పంపినవాళ్ల సంగతేంటి?

సూర్యాపేట కుర్రాడు:
గత నెల మా బావ రాత్రి పన్నెండు దాటాక విజయవాడ హైవే మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు. ప్రాణం దక్కింది కానీ కుడికాలు రెండు చోట్ల విరిగింది. తెల్లారి నేను అక్కడికి వెళ్లి చూశా. లారీ వెనక రేడియం టేపు లేదు. ఒక వైపు లైటు ఎప్పుడో పగిలింది, లోపల బల్బు ఉండాల్సిన చోట సాలీడు గూడు కట్టింది. టైరు పేలితే రోడ్డు అంచున ఆపి, వెనకాల ఒక వేపకొమ్మ, నాలుగు రాళ్లు పెట్టాడు డ్రైవరు. హెచ్చరిక అంటే అదే. ఎఫ్‌ఐఆర్‌లో నిందితుడు డ్రైవర్ ఒక్కడే. ఓనరు ఆసుపత్రి వైపు రాలేదు. "ఇన్సూరెన్స్ ఉంది కదా" అని ఫోన్ పెట్టేశాడు.

2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొడితే 19 మంది పోయారు. కంకరంతా వచ్చి ప్రయాణికుల మీద పడింది. డ్రైవర్లు ఇద్దరూ చనిపోయారు. అలాంటప్పుడు ఎవర్ని అడగాలి? లైటు మార్చనివాళ్లు, లోడు కుక్కి పంపినవాళ్లు ఎందుకు ముద్దాయిలు కారు?

నిజం మాట్లాడుకుందాం:
బండి నడిపేది డ్రైవరు. తాగేది, ఫోన్ చూసేది, కునికేది డ్రైవరు. వందల కిలోమీటర్ల అవతల ఇంట్లో పడుకున్న ఓనర్ని జైల్లో వేస్తే ఏం ఒరుగుతుంది? ఓనర్లందర్నీ భయపెడితే బియ్యం, సిలిండర్లు మీ ఇంటికి నడిచి రావు.

పద్నాలుగు టైర్లు:
నేను పదకొండేళ్లు లారీ నడిపి మానేశాను. "కునికేది డ్రైవరే" అన్నారు కాబట్టి చెప్తా.

కైకలూరు దగ్గర చేపల లోడు ఎక్కిస్తారు. థర్మకోల్ పెట్టెల్లో ఐసు, దాని మీద చేప, మళ్లీ ఐసు. హౌరా మార్కెట్‌కి సుమారు 1,200 కిలోమీటర్లు. తెల్లవారుజామున వేలం పాట మొదలయ్యేలోపు బండి అక్కడ ఉండాలి. లేటైతే కిరాయిలో కోత, కిరాయిలో కోత పడితే నా బత్తాలో కోత. ఇద్దరు డ్రైవర్లుండాల్సిన బండి అది. రెండోవాడి జీతం మిగులుతుందని మా ఓనరు క్లీనర్‌ని పెట్టాడు. పందొమ్మిదేళ్ల పిల్లాడు, వాడికి లైసెన్స్ లేదు. ఇచ్ఛాపురం దాటాక నాకు రోడ్డు మీద లేని గేదెలు కనపడేవి. నవ్వకండి, నిజంగా బ్రేకు కొట్టేవాడిని.

ఇక ఓనరు ఇంట్లో పడుకున్నాడంటారా? టోల్ గేటు దాటిన ప్రతిసారీ ఫాస్టాగ్ డబ్బులు కట్ అయిన మెసేజ్ పోయేది ఆయన ఫోన్‌కి. ఒక గేటుకీ ఇంకో గేటుకీ మధ్య లెక్క తప్పితే చాలు, "ఏరా, ఎక్కడ ఆపావ్" అని ఫోన్. నేనెప్పుడు ఆగానో తెలిసినాయనకి నేను ఆగలేదని తెలియదా?

బ్రేకుల సంగతి ఇంకోటి. ఓవర్‌లోడ్‌తో ఘాట్ దిగుతుంటే లైనర్ కాలిన వాసన కేబిన్‌లోకి కొడుతుంది. లైనర్లు అయిపోయాయని మూడు ట్రిప్పుల నుంచీ చెప్తున్నా, "ఈ ట్రిప్పు కొట్టేసి రా, మారుద్దాం" అనేవాడు.

రెండు బళ్ల ఓనరు:
అందరూ ఓనరు అంటే ఏసీ రూములో కూర్చున్న సేఠ్ అనుకుంటున్నారు. నాకున్నవి రెండే బళ్లు, రెండింటి మీదా ఫైనాన్స్. నేనూ ఒకప్పుడు డ్రైవర్నే.

కిరాయి ట్రిప్పుకి కాదండీ, టన్నుకి. రేటు నేను పెట్టను, బ్రోకరు పెడతాడు. ఆ రేటుకి పాసింగ్ లోడు, అంటే రూలు ఒప్పుకున్న బరువు మాత్రమే వేసుకుంటే డీజిలు, టోలు, బత్తా పోను కిస్తీకి చాలదు. వద్దంటే నా వెనక లైన్లో పది బళ్లున్నాయి. 2018లో యాక్సిల్ లోడు పెంచారు. పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 అయింది. మాకేదో మేలు జరిగిందని పేపర్లో రాశారు. మా లైన్లో జరిగింది ఏంటంటే టన్ను రేటు పడిపోయింది. అప్పుడు 25 మీద ఎక్కువ వేసేవాళ్లం, ఇప్పుడు 28 మీద వేస్తున్నాం.

తప్పు చేస్తున్నానని తెలుసు. కానీ లోడు ఎక్కేచోట కాటా ఉంటుంది. ఖాళీ బండి ఎంత, లోడు బండి ఎంత, రెండూ చీటీ మీద కొట్టి సంతకం పెట్టించుకుంటారు. ఫ్యాక్టరీ గానీ క్వారీ గానీ కళ్లతో చూసి పంపుతున్నారు. ముందు వాళ్ల మీద పెట్టండి కేసు. తర్వాత నా దగ్గరికి రండి.

కోర్టు మెట్లు:
చట్టంలో ఓనరు లేడనుకోవడం పొరపాటు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 ఓవర్‌లోడ్ బండి నడిపినవాడికే కాదు, నడిపించినవాడికీ, నడపనిచ్చినవాడికీ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత జరిమానా 20,000, పైన ప్రతి టన్నుకీ 2,000. అదనపు లోడు దింపించకుండా జరిమానా కట్టించుకుని బండి వదిలేయడం కుదరదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. రోడ్డు పక్కన లోడు దింపించిన అధికారిని మీలో ఎంతమంది చూశారో చెప్పండి.

పని గంటల సంగతీ అంతే. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రవాణా కార్మికుడికి రోజుకి 8 గంటలు, వారానికి 48, ఐదు గంటలకోసారి అరగంట విశ్రాంతి ఉండేవి. ఇప్పుడది కొత్త లేబర్ కోడ్‌లో కలిసిందనుకోండి. కానీ ఆ పాత చట్టం ఐదుగురు కార్మికులుంటేనే వర్తించేది. రెండు బళ్ల ఓనరు గారు దాని కిందకే వచ్చేవారు కాదు.

పరిహారం వరకు ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ ఎలాగూ ఉంటారు. డ్రైవర్‌కి లైసెన్స్ లేదని తేలినా కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమన్న తీర్పులున్నాయి. చిక్కంతా క్రిమినల్ కేసులో. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద చావుకి ఆ నిర్లక్ష్యమే నేరుగా కారణమని చూపించాలి. అరిగిన లైనర్‌కీ చావుకీ లింకు పెట్టాలంటే ప్రమాదం జరిగిన రోజే బండిని విప్పి చూడాలి. నేను చూసిన ఫైళ్లలో ఎంవీఐ (మోటారు వాహన ఇన్‌స్పెక్టర్) రిపోర్టు ఒక్క పేజీ. "యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు" అన్న వాక్యం దాదాపు అన్నిట్లో ఒకటే.

నిజం మాట్లాడుకుందాం:
అదే 106లో ఢీకొట్టి చెప్పకుండా పారిపోతే పదేళ్లు అంటే 2024 జనవరిలో డ్రైవర్లంతా సమ్మె చేశారు. హైదరాబాద్‌లో పెట్రోలు కోసం మూడు గంటలు నిలబడ్డాను నేను. బాధ్యత వద్దన్నది ఎవరు?

పద్నాలుగు టైర్లు:
ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయంతో చేసిన సమ్మె అది. ఆ క్లాజు ఇప్పటికీ అమల్లోకి రాలేదు. అయినా ఒక్కటి గమనించండి, ఆ పదేళ్లు కూడా స్టీరింగ్ పట్టుకున్నవాడికే రాశారు.

డాలస్ నుంచి:
నేనిక్కడ ట్రక్కు నడుపుతున్నా. రోజుకి 11 గంటలకు మించి డ్రైవింగ్ కుదరదు, పదిగంటలు రెస్ట్ తప్పనిసరి. ఇంజనుకి కట్టిన ఎలక్ట్రానిక్ లాగ్ అంతా రాసుకుంటుంది. ప్రమాదం అయితే లాయర్లు ముందు అడిగేది కంపెనీ రికార్డులే. ఇన్సూరెన్స్ మోత భరించలేక చిన్నవాళ్లు మూసుకుంటున్న మాటా నిజమే. మన దగ్గరా అలాంటి పెట్టె పెడితే?

పద్నాలుగు టైర్లు:
పెట్టండి బ్రదర్. టిప్పర్లకి 60 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలని రూల్ ఉంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజు బిగించి, సాయంత్రానికి వైరు పీకే మెకానిక్ ప్రతి ఊళ్లో ఉన్నాడు.

సూర్యాపేట కుర్రాడు:
కాటా మాట విని ఇవాళ స్టేషన్‌కి వెళ్లా. లారీ ఆవరణలోనే ఉంది, ఖాళీగా. లోడు ఆ మర్నాడే ఇంకో బండిలోకి మార్చి పంపేశారట, సరుకు పాడవుతుందని. తూకం ఎవరూ వేయలేదు. ఇక ఆ బండిలో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది?

కోర్టు మెట్లు:
లోడింగ్ చోట కాటా చీటీ కాపీ ఉంటుంది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో మీ లాయర్ ద్వారా దాన్ని తెప్పించమని పిటిషన్ వేయండి. దాంతో పాటే ఆ బండి ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా అడగండి. ఏ గేటు ఎన్నింటికి దాటిందో అందులో ఉంటుంది. టైరు పేలే సమయానికి డ్రైవరు ఎన్ని గంటల నుంచి నిద్ర లేకుండా ఉన్నాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆలస్యం చేయకండి.

రెండు బళ్ల ఓనరు:
ఇది చదివి నా ఫోన్ తీసి నిన్న రాత్రి మెసేజ్‌లు చూశా. 9:52, 11:40, 1:18, 3:05, 4:47. ఒకే బండి, ఒకే డ్రైవరు. ఇప్పుడే ఫోన్ చేసి ఎక్కడైనా ఆపి పడుకోమన్నా. "సాయంత్రానికి అన్‌లోడ్ కావాలి కదన్నా" అంటున్నాడు. పార్టీ వాళ్లకి ఫోన్ చేస్తే లేటు ఫీజు ఎంతో చెప్పారు. దాని సంగతి కూడా తేల్చండి మీరంతా.