అప్‌డేట్: రేస్ మధ్యలో వాట్స్ సున్నాకి పడిపోవడం – తేలింది

జ్విఫ్ట్‌లో (ఇంట్లో సైకిల్ తొక్కుతూ ఆన్‌లైన్‌లో రేస్ చేసే యాప్) మా నార్సింగి బ్యాచ్ గురువారం రేస్‌లో నా పవర్, అంటే వాట్స్‌లో చూపే తొక్కే శక్తి, రెండు మూడు నిమిషాలకోసారి సున్నా అయిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు ట్రైనర్‌ది (సైకిల్ బిగించి ఇంట్లోనే తొక్కే యంత్రం) కాదు. ట్రైనర్ సిగ్నల్‌ని వైర్‌లెస్‌గా అందుకునే చిన్న యాంట్ ప్లస్ డాంగిల్‌ని ల్యాప్‌టాప్ వెనక నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్ట్‌లో పెట్టాను, పక్క పోర్ట్‌లో హార్డ్ డిస్క్. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, డాంగిల్ వినేదీ అక్కడే. ఇక్కడ ఒకరు చెప్పినట్టు 2 మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, నల్ల యూఎస్‌బీ 2 పోర్ట్‌కి పెట్టి, డాంగిల్‌ని సరిగ్గా పెడల్స్ కింద నేలకి టేప్ వేసి అతికించాను. చెమట పడకుండా పైన పెరుగు డబ్బా మూత. నవ్వకండి, పనిచేస్తోంది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్, రౌటర్ మార్చడం, ఫ్యాన్ జరపడం... వీటితో ఏ తేడా రాలేదు. బ్లూటూత్‌కి మారమన్నవాళ్లూ ఉన్నారు. మారాను గానీ, ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి ఉన్నంతసేపు నా ట్రైనర్ ల్యాప్‌టాప్‌కి దొరకలేదు, దాంతో వదిలేశాను.

నిన్న జ్విఫ్ట్‌లోని కొండ రూట్ ఆల్ప్ డు జ్విఫ్ట్ 21 మలుపులూ సిగ్నల్ ఒక్కసారి కూడా డ్రాప్ అవకుండా ఎక్కాను. అయినా మావాళ్లలో ఆఖరే. ఇక సాకు కూడా లేదు.