టీమ్ ఎం.ఆర్.ఎఫ్. గెలిచిన టైటిళ్లు భారత ర్యాలీ క్రీడవేనా?

రాళ్లబాట:

ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో మన టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్. కార్ల పందేల జట్టు, టీమ్ ఎం.ఆర్.ఎఫ్., సాధించిన టైటిళ్లను మన పత్రికలూ అభిమానులూ భారత విజయాలుగానే చెప్పుకుంటూ వస్తున్నారు. ఈ లెక్కను నేను ఒప్పుకోలేను. 2005లో ఆ జట్టు తరఫున ఛాంపియన్ అయిన యుస్సీ వాలిమాకి ఫిన్లాండ్ దేశస్థుడు. 2010లో గెలిచిన కత్సుహికో తగూచిది జపాన్, 2014లో గెలిచిన యాన్ కొపెట్స్కీది చెక్ రిపబ్లిక్, 2015లో గెలిచిన పొంటస్ టీడెమాండ్‌ది స్వీడన్. మనవాడు ఒక్కడే, 2013, 2016, 2017 సంవత్సరాల విజేత గౌరవ్ గిల్.

కార్ల సంగతీ అంతే. మొదట మిత్సుబిషి లాన్సర్లు, తరువాత స్కోడా ఫాబియాలు. వాటిని సిద్ధం చేసి, పందెం మధ్యలో కార్లను బాగుచేసే సర్వీసు పార్కులో విప్పి బిగించింది ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన రేస్ టార్క్ సంస్థ. జట్టు మేనేజరు లేన్ హీనన్ కూడా అక్కడివారే. డబ్బు మనది, కారు తలుపు మీద పేరు మనది అన్నంత మాత్రాన గెలుపు మనదవుతుందా? కొపెట్స్కీ, టీడెమాండ్ స్కోడా చేరదీసిన డ్రైవర్లు కాబట్టి, ఆ రెండేళ్లూ మన జట్టు స్కోడాకు శిక్షణశాలగా పనిచేసిందని కూడా అనవచ్చు.

కంకరదుమ్ము:

రాళ్లబాట గారూ, మీరు డ్రైవరును లెక్కపెట్టారు, కారును లెక్కపెట్టారు, మెకానిక్కును కూడా లెక్కపెట్టారు. ఆ కారుకూ నేలకూ మధ్య ఉన్నదాన్ని మాత్రం వదిలేశారు. పేరుకోసం డబ్బిచ్చే సిగరెట్టు కంపెనీకీ, తన సరుకునే పోటీలో దించే టైరు కంపెనీకీ తేడా ఉంది. మొదటిది ఓడినా దాని సరుకుకు వచ్చే మచ్చ ఏమీ లేదు. రెండవది, సమయం కొలిచే పందెపు దారి అయిన స్టేజి మధ్యలో టైరు పగిలితే అందరి ముందూ ఓడినట్టే.

ఆ పోటీలు జరిగే నేలలను ఒకసారి తలచుకోండి. న్యూజిలాండ్‌లోని వాంగరే దారులు నడుమ ఉబ్బి, అంచులకు వాలి, సన్నని కంకరతో నున్నగా ఉంటాయి. అక్కడ టైరు ఆ కంకర పొరను చీల్చుకొని కింది గట్టినేలను పట్టుకోవాలి. మలేసియాలోని జొహోర్ పామాయిల్ తోటల్లో వాన పడితే ఎర్రమట్టి టైరు పైభాగపు గాడుల్లో, అంటే ట్రెడ్‌లో, నిండిపోతుంది. దానిని తనంతట తాను విసిరికొట్టలేని టైరు రెండు మలుపుల తరువాత నున్నటి రబ్బరు చక్రంతో సమానం. జపాన్‌లోని హొక్కైదో అడవిబాటల్లో ముందువెళ్లిన కార్లు తవ్విన గాడుల అంచులు టైరు పక్క గోడ అయిన సైడ్‌వాల్‌ను కోస్తాయి. మన చిక్కమగళూరు కాఫీతోటల ఇరుకు దారుల్లో రాయి ఎక్కడ పొంచి ఉంటుందో పక్కన కూర్చుని దారి చెప్పే కో-డ్రైవరు తన పేస్ నోట్స్‌లో రాసుకున్నా, మొదటి విడతలో కార్లు పైకి లాగిన కొత్త రాయి రెండో విడతలో ఎదురవుతుంది. సైడ్‌వాల్‌ను దళసరి చేస్తే దెబ్బకు ఓర్చుకుంటుంది కాని బరువు పెరుగుతుంది, మలుపులో స్పందన మందగిస్తుంది. రబ్బరును మెత్తగా కలిపితే పట్టు వస్తుంది కాని ఎండలో ఇరవై కిలోమీటర్ల స్టేజి పూర్తయ్యేలోపు అరిగిపోతుంది. ఈ సమస్యలన్నిటికీ ఒకే టైరుతో సమాధానం చెప్పలేరు. ఏటేటా కొత్త రబ్బరు మిశ్రమం (కాంపౌండు), కొత్త ట్రెడ్ తయారుచేసి, పందెంలో పరీక్షించి, మళ్లీ మార్చుకోవాలి. ఆ పని మన కంపెనీ చేసింది, గెలిచింది కూడా ఆ పనే.

పరాయి సాయం గురించి కూడా ఒక మాట. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై బొమ్మ బుడగలు తయారుచేస్తూ మొదలుపెట్టిన సంస్థ ఇది. 1952లో ట్రెడ్ రబ్బరులోకి వచ్చింది. 1961లో తొలి టైరు చేసినప్పుడు పక్కన అమెరికా మాన్స్‌ఫీల్డ్ కంపెనీ ఉంది. ఆ సహకారం ఉన్నందుకు ఈ రోజు సదాశివపేట కర్మాగారంలో తయారయ్యే టైరును అమెరికా టైరని ఎవరైనా అంటారా? తెలిసినవారి దగ్గర పని నేర్చుకోవడం తప్పు కాదు.

కాఫీతోట:

ఇద్దరూ విజయాల గురించే మాట్లాడుతున్నారు. నన్ను బాధించేది వేరు. 1988లో మొదలైన జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌ను చాలా ఏళ్లు నిలబెట్టింది ఎం.ఆర్.ఎఫ్. పెట్టిన డబ్బే. అదే ఛాంపియన్‌షిప్‌లో నలిగిన డ్రైవర్లలో అంతర్జాతీయ స్థాయిలో పూర్తి సీజన్, ప్రథమశ్రేణి కారు దక్కింది ఎంతమందికి? గిల్‌కు 2019లో అర్జున పురస్కారం వచ్చింది. మోటార్ క్రీడలో ఆ పురస్కారం అందుకున్న మొదటివాడు ఆయనే అని మనమంతా సంతోషించాం, సంతోషించవలసిందే. కాని 2016లో ఆయన పక్క కారులో జర్మనీకి చెందిన ఫాబియాన్ క్రైమ్, 2017లో నార్వేకు చెందిన ఓలె క్రిస్టియన్ వేబీ కూర్చున్నారు. ఆ రెండో సీటులో ఒక్క ఏడాదైనా మన కుర్రవాడిని కూర్చోబెట్టి ఉంటే, ఓడినా సరే, ఈ రోజు మనకు రెండో పేరు ఉండేది.

కంకరదుమ్ము:

కాఫీతోట గారి బాధ న్యాయమైనది, దానిని నేను తోసిపుచ్చను. అయితే రెండు లెక్కలను ఒకే చిట్టాలో వేయకూడదు. టైరు గెలిచిందా అన్నది ఒక ప్రశ్న, డ్రైవర్లను తయారుచేసిందా అన్నది మరొకటి. మొదటిదానికి 2022 సమాధానం చెప్పింది. 1953 నుంచి నడుస్తున్న ఐరోపా ర్యాలీ ఛాంపియన్‌షిప్‌ను ఆ ఏడాది టీమ్ ఎం.ఆర్.ఎఫ్. తరఫున స్పెయిన్ డ్రైవరు ఎఫ్రేన్ యరేనా గెలిచాడు. పోర్చుగల్ కంకర దారుల మీదా, కానరీ దీవుల తారు కొండదారుల మీదా, పిరెల్లి, మిషెలిన్ పుట్టిపెరిగిన ఖండంలో వారితో తలపడి సాధించిన టైటిల్ అది. ఆసియాలో పోటీ పలుచబడిందని అనేవారు ఐరోపా గురించి ఆ మాట అనలేరు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పైశ్రేణిలో 2021 నుంచి 2024 వరకు పిరెల్లి, 2025 నుంచి హాంకూక్ మాత్రమే టైర్లు సరఫరా చేసే ఏర్పాటు ఉంది కాబట్టి, టైర్ల మధ్య నిజమైన పోరు చూడాలంటే ఐరోపాయే తగిన వేదిక.

రాళ్లబాట:

టైరు గెలిచిందన్న మాటకు నాకు అభ్యంతరం లేదు, ఎన్నడూ లేదు. నా ప్రశ్న ఆ గెలుపును ఎవరి పేరున రాయాలన్నదే. యరేనా గెలిస్తే స్పెయిన్ పత్రికలు స్పెయిన్ గెలిచిందని రాసుకున్నాయి, అది వారి హక్కు. మనం భారతీయ టైరు గెలిచిందని రాసుకుందాం, అది పూర్తి నిజం, తక్కువ గౌరవమూ కాదు. 2013, 2016, 2017 మాత్రం భారత ర్యాలీ గెలిచిందని రాసుకుందాం. మిగిలిన ఏళ్లకు అదే వాక్యం వాడితే గిల్ ఒంటరిగా మోసిన బరువు కనబడకుండా పోతుంది, కాఫీతోట గారు అడిగిన రెండో సీటు ప్రశ్న అడిగేవారే ఉండరు. ఐరోపాకు వెళ్లిన ఈ జట్టు వచ్చే సీజన్లలో ఒక భారతీయ డ్రైవరుకు, కనీసం కింది తరగతి కారులోనైనా, పూర్తి ఏడాది అవకాశం ఇవ్వాలని మనమంతా గట్టిగా అడగాలి. దీనితో విభేదించేవారు ఎందుకో చెప్పండి.