సొంత డబ్బా కొట్టుకోకుండా పుస్తకం అమ్ముకోవడం ఎలా?

ప్రశ్న (లెక్కల టీచరు, నూజివీడు):
కిందటి సంక్రాంతికి సొంత డబ్బుతో నా కథల పుస్తకం 500 కాపీలు వేయించాను. 340 ఇంకా మంచం కిందే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు చీపురు ఆ కట్టలకు తగిలినప్పుడల్లా మా ఆవిడ ఆగుతుంది, ఏమీ అనదు. దుకాణానికి ఇస్తే 40 శాతం కమీషన్, ఆపైన మిగతా డబ్బు కోసం ఫోన్లు. సరే, నేనే చెప్పుకుందామని స్కూలు వాట్సాప్ గ్రూపులో ముఖచిత్రం పెట్టాను. ఏడుగురు దండం బొమ్మ పెట్టారు. ఒక్కరూ కొనలేదు. ‘నా పుస్తకం బాగుంటుంది’ అనడానికి నోరు రాదు. ఆత్మస్తుతి అనే మాటను పరనింద పక్కనే వింటూ పెరిగినవాణ్ణి. మీరెలా నెట్టుకొస్తున్నారు?

జవాబు (రిటైరైన తెలుగు పండితుడు):
మాస్టారూ, మీ జంకు పాతదే. కర్ణపర్వంలో అన్నను నిందించిన సిగ్గుతో అర్జునుడు ప్రాణం తీసుకోబోతే, ‘నిన్ను నువ్వు పొగుడుకో, చచ్చినట్టే లెక్క’ అంటాడు కృష్ణుడు. మరి తిరుపతి వేంకట కవులో? సంస్కృతాంధ్రాలు రెండింటా తామే కవులమని మీసాలు పెంచి మరీ సవాలు చేశారు. సభలో ఎవరు సమస్య ఇచ్చినా అక్కడికక్కడే పూరించేవారు కాబట్టి వాళ్లకు చెల్లింది.

జవాబు (పుస్తకాల స్టాల్ నడిపే మనిషిని):
విజయవాడ పుస్తక మహోత్సవంలో ఏటా కూర్చుంటాను. ‘రండి సార్, నేనే రచయితను’ అనగానే జనం పక్క స్టాల్ వైపు తిరుగుతారు. ఒకావిడ మాత్రం పుస్తకం మధ్యలో తెరిచి, ‘ఇది ఆవకాయ జాడీలో నగ దాచిన మా అమ్మమ్మ కథ’ అని చేతిలో పెట్టేది. వాళ్లు చదువుతున్నంతసేపూ నోరు మెదిపేది కాదు. అన్నట్టు, ఇంత రాశారు, మీ కథల్లో ఏముందో ఒక్క ముక్కైనా చెప్పారా?

ప్రశ్న అడిగినవారు:
చెప్పలేదు, నిజమే. మొదటి కథ మామిడికాయలు కోసే కూలీది. సొన పడి చేతులు కాలిపోయి ఉంటాయి. కూతురి పెళ్లిలో తాంబూలాలు ఇవ్వమంటే చేతులు కండువా కింద దాచుకుంటాడు. నిన్న గ్రూపులో ముఖచిత్రం తీసేసి ఆ మూడు వాక్యాలు పెట్టాను. మధ్యాహ్నం మా స్కూలు అటెండరు వచ్చాడు. వాళ్ల నాన్న చేతులూ అలాగే ఉండేవట. డబ్బు తీసుకోవాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, తనే 120 రూపాయలు లెక్కపెట్టి హాజరు పట్టీ మీద పెట్టి వెళ్లాడు.